పార్వతికి రాని కామెర్లు

కలకత్తా వెళ్లొచ్చి మూడు నెలలు దాటింది. ఊళ్లో అడిగినవాళ్లంతా ఒకే మాట అడుగుతున్నారు. కాళీఘాట్ అమ్మవారిని చూశావా, హౌరా వంతెన చూశావా అని. చూడలేదు. నేను చూసింది ఒక యూనివర్సిటీ వరండాలో చెక్క బెంచీ, ఆ బెంచీకి ఎదురుగా ఉన్న గది, ఆ గదిలో కూర్చునే ఒకావిడ. ఈ మాట అంటే జాలిగా చూస్తున్నారు, అంత దూరం పోయి బెంచీ చూసొచ్చిందని. అందుకే రాస్తున్నాను. చెబితే మధ్యలో అడ్డొస్తారు. రాస్తే చివరిదాకా వింటారు.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను. మా తమ్ముడు సింహాచలం కలకత్తా రేవులో కళాసీ. ముప్పై ఏళ్లు దాటింది వెళ్లి. వాడి కూతురు పార్వతి అక్కడే పుట్టింది, అక్కడే యూనివర్సిటీలో మొక్కల శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. మా ఇంటావంటా పదో తరగతి దాటిన ఆడపిల్ల అదొక్కతే. మా ఉద్దానంలో మూడేళ్లకోసారి అమ్మవారి సంబరం చేస్తాం. ఇంటికొక పెళ్లికాని ఆడపిల్ల అలంకరించిన కుండని, అంటే ఘటాన్ని, నెత్తిన పెట్టుకుని పదిహేను రోజులు వీధి వీధీ తిరగాలి. మా ఇంటికి మిగిలిన ఆడపిల్ల పార్వతే. "గుంటకి క్లాసులున్నాయప్పా" అని తమ్ముడు ఫోన్లో నసిగాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం, అక్కని అప్ప అంటాం. "అమ్మోరి కంటే పెద్ద క్లాసులేట్రా?" అన్నాను. పిల్ల వచ్చింది. ప్రయాణాలతో కలిపి మూడు వారాలుంది. కొబ్బరిచెట్టంత నిటారుగా నడిచి ఘటం మోసింది. ఊరంతా మెచ్చుకుంటే నేను పొంగిపోయాను.

నెల తిరక్కుండా తమ్ముడి ఫోను. అంతకు ముందే జ్వరంతో కొన్ని రోజులు మానిందట, ఈ మూడు వారాలు కలిసేసరికి హాజరు చాలలేదట. పరీక్షకి కూర్చోనివ్వని వాళ్ల జాబితా గోడకి అంటించారు, అందులో పార్వతి పేరుంది. "ఇప్పుడు పిలువప్పా అమ్మోరిని" అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట రెండు రోజులు మోశాను. మూడో రోజు రైలెక్కాను.

సంత్రాగాఛి

హౌరా కంటే ముందొచ్చే పెద్ద స్టేషను ఇది. రేవు వైపు పోవాలంటే ఇక్కడ దిగడమే దగ్గర. దిగాను. తమ్ముడు లేడు. షిఫ్టు మారిందట, తర్వాత తెలిసింది. కొళాయి దగ్గర సంచులు పెట్టుకుని కూర్చున్నాను. ఒక సంచిలో బట్టలు, ఒక సంచిలో జీడిపప్పు, కొబ్బరి లౌజు.

రైల్వే క్వార్టర్ల నుంచి నీళ్లకొచ్చిన ఒకావిడ నా చీరకట్టు చూసి ఆగింది. "ఏ ఊరప్పా?" అంది. ప్రాణం లేచొచ్చింది. వాళ్లది టెక్కలి దగ్గరట, మొగుడు పట్టాల మీద పనిచేసేవాడట. బిందె పక్కన పెట్టి, కొంగున కట్టుకున్న మరమరాలు విప్పి సగం నాకు పెట్టింది. మరమరాల్లో పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆవనూనె మేము కీళ్లకి రాసుకుంటాం, వీళ్లు తింటారు. మొదటి పిడికిలికి కళ్లు మండాయి. మూడో పిడికిలికి బాగుంది.

"యూనివర్సిటీలో పని మీదొచ్చినాను" అన్నాను.

"కాగితం ఉన్నాదా?"

"నోరున్నాది."

ఆవిడ నవ్వింది. "ఈ ఊళ్లో నోరు అందరికీ ఉన్నాదప్పా. కాగితముంటేనే మడిసి."

టీ మట్టి ముంతలో ఇచ్చారు. చిన్న ముంత, రెండు గుక్కలు, పది రూపాయలు. తాగి అందరూ ముంతని పట్టాల మీదకి విసిరేస్తున్నారు. కుండని అలా పగలగొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. కడిగి సంచిలో వేసుకున్నాను. తమ్ముడొచ్చి అది చూసి, "ఇలగయితే నెల్లాళ్లకి కుమ్మరి కొట్టు పెట్టీగలవప్పా" అన్నాడు. కోపంగా ఉన్నా హాస్యం మాత్రం మానలేదు వాడు.

వాట్‌గంజ్

హౌరా వంతెన కాని ఇంకో పెద్ద వంతెన దాటితే రేవు. వాట్‌గంజ్‌లో తమ్ముడిది పై అంతస్తులో ఒకటిన్నర గది. కింద బిహారీలు నీళ్లలో కలుపుకు తాగే వేయించిన సెనగపిండి, అదే సత్తు కొట్టు, పక్కన ఒడియా వాళ్ల వంట, పై మేడ మీద మన శ్రీకాకుళం వాళ్లు. ఒకే మెట్ల మీద నాలుగు భాషల తిట్లు వినపడతాయి. పెద్దాళ్లు మన యాసే మాట్లాడతారు. పిల్లలు తెలుగులో మొదలుపెట్టి బెంగాలీలో ముగిస్తారు.

మరదలు ఎర్రమ్మ కాళ్లకి నీళ్లిచ్చింది గానీ మొహం చూడలేదు. పచ్చిమామిడికాయ పప్పు వండింది, చారులా పలచగా, అందులో పంచదార. పప్పులో పంచదారేమిటని అడగబోయి ఊరుకున్నాను. అడిగే పరిస్థితిలో లేను.

పార్వతి రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలుసుకున్నాను. యూనివర్సిటీకి పెద్ద వీసీ గారు. ఆయన కింద చదువు సంగతంతా చూసే పెద్ద ఒకావిడ ఉంది, ప్రో వీసీ అంటారు. ఏ పాఠాలుండాలి, ఎవరు చెప్పాలి, పరీక్ష ఏ తేదీన, ఎవరు రాయాలి, ఎవరు రాయకూడదు, అంతా ఆవిడ చేతిలో పని.

"ఆవిడ సంతకం పెడితే గుంట రాస్తాది. నేదంటే ఏడాది పోద్ది" అన్నాడు తమ్ముడు.

"అయితే రేపు ఎల్తాను ఆవిడ కాడికి."

పార్వతి ముద్ద ఆపేసింది. "ఒద్దత్తా! నువ్వెల్లకు. మేం స్టూడెంట్లం చూసుకుంటాం. ముప్పై మందిమి ఉన్నాం. ప్లీజ్, నువ్వు కిచ్ఛు మాటాడకు."

"కిచ్ఛు అంటే ఏటే?"

"ఏమీ అని. ఏమీ మాటాడకు."

తమ్ముడూ మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కనిపెట్టవలసింది. కనిపెట్టలేదు.

ఆ బెంచీ

మర్నాడు పార్వతి వెళ్లిపోయాక తమ్ముడు డ్యూటీకి పోతూ నన్ను బస్సులో యూనివర్సిటీ దగ్గర దింపాడు. వాడికీ ఆశే, పైకి చెప్పడు, అంతే.

రెండో అంతస్తులో పొడుగు వరండా. గది ముందు స్టూలు మీద బంట్రోతు, హరి దా అంటారు. ఇక్కడ మగవాళ్ల పేరుకి చివర 'దా' తగిలిస్తే అన్న అని. యాభై దాటినవాడు, చేతిలో దినపత్రిక. మాది ఒడిశా సరిహద్దు కాబట్టి నాకు ఒడియా బాగా వచ్చు. ఒడియా, బెంగాలీ అక్కచెల్లెళ్లు. నా ఒడియా అతనికి అర్థమైంది, అతని బెంగాలీ నాకు అర్థమైంది. ఇక్కడి నుంచి వాళ్ల మాటలు నాకు తెలిసినట్టు తెలుగులో రాస్తున్నాను.

"చీటీ ఉందా, మాషిమా?" అన్నాడు. పిన్నీ అన్నట్టు.

"లేదు."

"అయితే కూర్చోండి."

ఆ రోజంతా కూర్చున్నాను. బెంచీ మీద కూర్చుంటే ఒక మనిషి పని ఏమిటో లోపలికి వెళ్లకుండానే తెలిసిపోతుంది. ఒక మాస్టరు ఎర్రటి మొహంతో లోపలికి వెళ్లి, ఇంకా ఎర్రగా బయటికొచ్చాడు. ఆయన పాఠాన్ని రెండో ఏడాదికి మార్చారట. ఇద్దరు ఆడపిల్లలు హాస్టల్లో నీళ్లు లేవని వచ్చారు. అది ఆవిడ పని కాదట, అయినా పావుగంట లోపలే ఉంచి ఎవరికో ఫోను చేసింది. పుస్తకమంత లావు కాగితాల కట్ట పట్టుకుని ఒక కుర్రాడు నాలుగు గంటలు నా పక్కనే కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు. ఐదేళ్లు రాసిన పరిశోధనట, ఎవరో పెద్దాయన బాగోలేదన్నాడట. లోపలికి వెళ్లొచ్చి ఏడ్చాడు. ఏడుస్తూనే, "మేడమ్ ఇంకో ఆరు నెలలిచ్చారు" అన్నాడు. అది మంచి ఏడుపో చెడ్డ ఏడుపో నాకు తెలియలేదు.

సాయంత్రం తలుపు తెరుచుకుని పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ బయటికొచ్చింది. నూలు చీర, చంకలో ఫైళ్లు. ఇంటికీ ఫైళ్లే. నన్ను చూసి ఆగింది. "ఈవిడెవరు?"

"పొద్దుటి నుంచీ ఉన్నారు. చీటీ లేదు" అన్నాడు హరి దా.

"రేపు పన్నెండింటికి రండి దిదీ" అని మెట్లు దిగిపోయింది. దిది అంటే అక్క. ఆ పిలుపుకి నా కోపం సగం దిగింది. మిగతా సగం జాగ్రత్తగా పట్టుకుని ఇంటికెళ్లాను.

గది లోపల

శుక్రవారం పన్నెండింటికి లోపల కూర్చోబెట్టారు. గదిలో ఏసీ ఉంది గానీ ఆవిడ ఆపేసి కిటికీ తెరిచింది. కిటికీలో ఏడెనిమిది మొక్కల కుండీలు. నా చేతులు చూసింది.

"జీడి సొన మరకలు కదా ఇవి?"

ఎలా తెలుసన్నాను. ఆవిడదీ మొక్కల చదువేనట. నలభై ఏళ్లు జీడి గింజలు కొట్టిన చేతులు నావి, ఈ నలుపు ఇక పోదు. జీడిచెట్టు అసలు మన దేశానిది కాదని, సముద్రం దాటి ఓడలో వచ్చిందని చెప్పింది. మా ఊళ్లో ఈ మాటంటే తంతారన్నాను. నవ్వింది.

అప్పుడు పార్వతి పేరు చెప్పాను. హరి దా ఫైలు తెచ్చి పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "పాపం, మూడు వారాలు కామెర్లు. ఇప్పుడెలా ఉంది?"

"కామెర్లా?" అన్నాను. "ఎవరికి కామెర్లు? మా ఊళ్లో పదిహేను రోజులు ఎండలో ఘటం మోసింది. మూడు పూటలా తింది. రొయ్యల కూర అయితే రెండుసార్లు వేయించుకుంది."

హరి దా పేపరు మడిచాడు. ఆవిడ కళ్లద్దాలు తీసింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు, తమ్ముడూ మరదలూ ఎందుకు మొహాలు చూసుకున్నారో, 'కిచ్ఛు మాటాడకు' అని గుంట ఎందుకు బతిమాలిందో. నా నోట అబద్ధం నిలవదనే నాకు చెప్పలేదు.

"అది డాక్టరు ఇచ్చిన కాగితం" అంది ఆవిడ నెమ్మదిగా.

"డాక్టరు చూసుంటే నేను చూడలేదేమో" అన్నాను. అబద్ధం అతకలేదు. అలవాటు లేని పని.

ఆవిడ సొరుగులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. "ముప్పై మంది దిదీ. ఇరవై ఆరుగురికి కామెర్లు. ఒకే డాక్టరు, ఒకే సిరా. నేను గుడ్డిదాన్ననుకున్నారు పిల్లలు." ఆవిడ మొహంలో కోపం లేదు, అలసటే ఉంది. "తప్పుడు కాగితం పెట్టినట్టు తేలితే పరీక్ష పోవడం కాదు, ఏడాది పాటు యూనివర్సిటీ నుంచే పంపించేయాలి. సోమవారం మధ్యాహ్నం ఇవి కమిటీ ముందుకెళ్తాయి. అప్పటిదాకా నా బల్ల మీద ఉన్న కాగితాలే."

హాజరు చాలని పిల్లని నేనొచ్చి దొంగ పిల్లని చేశాను.

సరిగ్గా అప్పుడే వరండాలో కేకలు మొదలయ్యాయి.

ఘెరావ్

మా ఊళ్లో ఆఫీసరు మీద కోపమొస్తే ఆఫీసుకి తాళం వేసి ఆయన్ని బయట నిలబెడతాం. కలకత్తాలో ఆఫీసర్ని లోపల ఉంచి చుట్టూ కూర్చుంటారు. దాన్నే ఘెరావ్ అంటారు. కొట్టడం, తోయడం ఉండదు. గది ముందు నేలంతా పిల్లలు, చప్పట్లు, పాటలు, నినాదాలు. కోరిక తీరేదాకా లోపలివాళ్లు లోపలే. హరి దా తలుపు సందులోంచి తొంగిచూసి, "ఇవాళ గిటారు కూడా తెచ్చారు, తొందరగా వదలరు" అన్నాడు, వాన మబ్బు చూసి చెప్పినట్టు.

"పోలీసుల్ని పిలవరా?" అన్నాను.

"మా పిల్లల మీదకా?" అంది ఆవిడ.

గంట గడిచింది. రెండు గంటలయింది. పొద్దున ఇంత సత్తు తాగి వచ్చిన కడుపు. సంచిలోంచి జీడిపప్పు, లౌజు తీసి బల్ల మీద పెట్టాను. నిజానికి ఆవిడకని తెచ్చినవే.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మీ పిల్ల ఫైలు నా బల్ల మీద ఉంది దిదీ. మీ చేతిది నేను తినకూడదు."

"ఇది లంచం కాదమ్మా, ఆకలి."

హరి దా లేచి, ఫైలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇప్పుడు బల్ల మీద ఏమీ లేదు మేడమ్" అన్నాడు.

అయినా ఆవిడ ఒప్పుకోలేదు. తన డబ్బా తెరిచి, రెండు రొట్టెలు, పొట్లకాయ వేపుడు నాకు పెట్టాకే నా లౌజు ముట్టుకుంది. ఇచ్చిపుచ్చుకుంటే లంచం కాదట. ముగ్గురం తిన్నాం. బయట పిల్లలు 'డౌన్ డౌన్' అంటున్నారు, లోపల ఆవిడ కొబ్బరి లౌజులో ఏలకులు ఎన్ని వేస్తారని అడుగుతోంది.

"అసలు మీ పనేమిటమ్మా?" అని అడిగేశాను. "నిన్నంతా చూశాను. ఒక్కరూ నవ్వుతూ బయటికి రాలేదు."

ఆవిడ కాసేపు వేళ్లు తుడుచుకుంది. "అవును అని చెప్పే కాగితాలు పైకెళ్తాయి, వీసీ గారి సంతకానికి. పట్టాలు, పతకాలు అన్నీ. కాదు అని చెప్పవలసినవి నా దగ్గర ఆగుతాయి. అదే నా పని. పాఠం చెప్పి రెండేళ్లయింది." తర్వాత నన్నడిగింది. "మీరు ఎంతవరకు చదివారు?"

"రాత్రి బడి. యాభై రెండో ఏట."

"రోజూ వెళ్లేవారా?"

ఇక్కడ కొంచెం తెలివి ఉన్నదైతే అబద్ధమాడేది. "ఒక్క వారం మానాను, మేనల్లుడి పెళ్లికి" అన్నాను. "ఆ వారం చెప్పిన ఒత్తులు నాకిప్పటికీ తడబాటే. మానితే అక్షరం మన కోసం ఆగదమ్మా."

"మరి ఎలా పట్టుకున్నారు?"

"మా పంతులమ్మ జీడి షెడ్డుకొచ్చింది. మధ్యాహ్నం అన్నం వేళ, గింజల బస్తా మీద కూర్చుని మళ్లీ చెప్పింది."

ఆవిడ లేచి కిటికీలో మొక్కలకి నీళ్లు పోసింది. తర్వాత జరిగిందంతా నా మాట వల్లేనని నేననను. అది ఆవిడ బుర్రలో ముందే ఉండి ఉంటుంది.

ఈలోగా నాకు కాలకృత్యం అవసరమైంది. ఈ వయసులో ఆగేది కాదు. హరి దా తలుపు తీసి కేకేశాడు, ముసలమ్మ వస్తోంది, దారి ఇమ్మని. పిల్లలు మర్యాదగా కాళ్లు ముడుచుకున్నారు. నాలుగడుగులు వేశానో లేదో, నినాదం చెప్పే గొంతు నా ముందే ఆగిపోయింది. చెయ్యి గాల్లోనే ఉంది. పార్వతి.

"అత్తా! నువ్వేటి ఇక్కడ?"

"నువ్వేటే ఇక్కడ? చదువుకోడానికొచ్చినావనుకున్నాను, కేకలేయడానికా?"

పిల్లలు నవ్వారు. పార్వతి నన్ను పక్కకి లాగింది. తలుపు గడియకి నా జాకెట్టు పట్టి భుజం దగ్గర పర్రున చిరిగింది.

"ఏటైనా సెప్పినావా? కామెర్లు... కామెర్లు నేవని సెప్పీసినావేటి?"

"అడిగినాది. సెప్పినాను."

అది గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "సర్వనాశ్. సర్వనాశ్ చేసీసినావత్తా. ఘటమెత్తమంది నువ్వే, బొక్కలో తోసిందీ నువ్వే."

రెండూ నిజమే. నా అవసరం తీర్చుకొచ్చి మళ్లీ గదిలోకే పోయాను. బయట ఉండటం కంటే లోపల ఉండటమే సులువనిపించింది.

ఎండ వాలుతుండగా ఆవిడ లేచి తలుపు తీయించింది. కుర్చీ అడగలేదు, మైకు అడగలేదు. గడప మీద నిలబడి చెప్పింది. "ఈ కాగితాలు నేను కమిటీకి పంపను. పంపితే మీరు పోతారు. మీకై మీరు వెనక్కి తీసుకోండి. ఎందుకు మానారో నిజం రాసి, ఇంటి పెద్ద సంతకంతో సోమవారం పది గంటలకి ఇవ్వండి. వేసవి సెలవుల్లో పొద్దుట ఏడింటికి క్లాసులు పెడతాను. పోయిన పాఠాలు మళ్లీ వినాలి. మాస్టర్లు వస్తే సరే, రాకపోతే నా పాఠం నేను చెబుతాను. ఆ క్లాసులకి ఒక్క రోజు మానినా పరీక్ష లేదు. ప్రయోగశాల పని మాత్రం మళ్లీ పెట్టలేను, ఆ పేపరు వచ్చే ఏడాదే."

పిల్లలు ఒప్పుకున్నారా? కొందరు గొణిగారు. ఒకడు సెలవుల్లో ఊరెళ్లాలన్నాడు. "వెళ్లు, వచ్చే ఏడాది కలుద్దాం" అంది. ఆరయ్యేసరికి వరండా ఖాళీ. చీపురు పట్టిన హరి దా, "పోయినసారి మర్నాటిదాకా ఉంచారు" అన్నాడు, ఇది లాభమన్నట్టు.

మెటియాబ్రుజ్

శనివారమంతా పార్వతి నాతో మాట్లాడలేదు. ఆదివారం ఎర్రమ్మ, "సిరిగిన జాకెట్టుతో తిరుగుతావేటొదినా, మెటియాబ్రుజ్ ఎల్దాం" అని బయల్దేరదీసింది. పార్వతినీ లాక్కొచ్చింది. ఆటోలో అరగంట. నది ఒడ్డున ఇరుకు సందులు, ప్రతి ఇంట్లో నాలుగు మిషన్ల చప్పుడు.

తెల్లగడ్డం దర్జీ ఒకాయన చిరుగు చూసి, అతుకు వేయనన్నాడు, విప్పి మళ్లీ కుడతానన్నాడు. భుజం కుట్టు విప్పితే లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి ఉంది. "మీ ఊరి దర్జీ మంచివాడు" అన్నాడు. "మనిషి లావెక్కుతుంది, చిక్కుతుంది. లోపల గుడ్డ వదలకుండా కత్తిరించేవాడు దర్జీ కాదు." ఎనభై రూపాయలు అడిగాడు, అరవై ఇచ్చాను, నవ్వుతూ తీసుకున్నాడు. ఆ రెండు వేళ్ల గుడ్డ చూస్తుంటే నాకు గడప మీద నిలబడిన ఆవిడే కనిపించింది.

అది కుట్టేలోగా బిరియానీ తిన్నాం. అందులో పెద్ద బంగాళాదుంప! మా ఊళ్లో అయితే వంటవాణ్ణి తరిమేవాళ్లు. ఇక్కడ ముక్క లేకపోయినా ఊరుకుంటారట, దుంప లేకపోతే గొడవట. పార్వతి తన దుంప తీసి నా పళ్లెంలో వేసింది. చాలు.

ఇంటికొచ్చాక ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి నా ముందు పెట్టింది. "నాన్నకి చదవడం రాదు గదా. నువ్వు సంతకం పెట్టత్తా."

"ఏటి రాసినావు?"

"ఫ్యామిలీ ఫంక్షన్ అని."

"అందులో అదే ఉన్నాదని నాకెలా తెల్సు? యాభై ఏళ్లు ఏటి రాసుందో తెలీకుండా యేలిముద్రలేసినాను. అలగేసిన ఒక ముద్రకి మన కొబ్బరి తోట సగం పక్కోడిదయిపోనాది. ఇంక నాను సదవలేని కాగితం మీద సంతకం పెట్టనే."

"నాకు తెలుగు రాయడం రాదత్తా!"

"నాకూ వచ్చేది కాదు."

తమ్ముడు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. మూడు గంటలు పట్టింది. ఎమ్మెస్సీ చదివే పిల్ల, మొక్కల పేర్లు ఏ దేశపు భాషలోనో గడగడా చెప్పే పిల్ల, 'ఘ' దగ్గర ఆగిపోయింది. నేను సత్తు కొట్టు పొట్లం కాగితం మీద రాసి చూపించాను. అది ఏడుసార్లు రాసింది. ఎనిమిదోది నాకంటే బాగా వచ్చింది, కొంచెం కుళ్లుకున్నాను కూడా. చివరికి మూడు వాక్యాలు నిలబడ్డాయి. నాకు కామెర్లు రాలేదు. మా ఊరి అమ్మవారి ఘటం ఎత్తడానికి వెళ్లాను. అబద్ధం కాగితం పెట్టాను, తప్పు.

కింద నేనొక వాక్యం చేర్చాను. ఘటం ఎత్తమన్నది నేను, ఆ తప్పు నాది. అప్పుడు సంతకం పెట్టాను.

సోమవారం

బెంచీ నిండా పిల్లలు, వాళ్ల తల్లులు, తండ్రులు. చోటిచ్చి నన్ను కూర్చోబెట్టారు. హరి దా చీటీ అడగలేదు.

ఆవిడ సంతకం లేని ఇంగ్లీషు కాగితం చదివింది, సంతకం పెట్టిన తెలుగుది తిప్పి చూసింది. "ఇదేం రాసుంది? చదువు" అంది పార్వతితో. పార్వతి వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, బెంగాలీలో అర్థం చెప్పింది. నా వాక్యం దగ్గర దాని గొంతు తగ్గింది.

"ఆ పదిహేను రోజులు ఎవరు నిర్ణయిస్తారు దిదీ?" అని నన్నడిగింది ఆవిడ.

"మా ఊరి పెద్దలు. కూర్చుని మంచి రోజు చూస్తారు."

"ఇక్కడ రోజులు పెట్టేది నేను. క్లాసులెప్పుడు, సెలవులెప్పుడు, పరీక్షలెప్పుడు. వాళ్లు నన్నడగలేదు, నేను వాళ్లనడగలేదు. మధ్యలో ఈ పిల్ల నలిగింది." డాక్టరు కాగితాన్ని తీసి పార్వతి చేతిలో పెట్టింది. "రేపు ఏడింటికి. ఏడూ ఐదు కాదు."

లేచేటప్పుడు గోడకున్న విద్యా క్యాలెండరు లాంటిదే ఇంకొకటి సొరుగులోంచి తీసి నాకిచ్చింది. దీనికి మాత్రం ఆవిడ ఏమీ బదులు అడగలేదు. నేనే ఊరుకోలేక సంత్రాగాఛి టీ ముంతని తీసి ఆవిడ కిటికీలో పెట్టాను. అందులో ఇప్పుడు ఏదో మొలక వేసిందట, పార్వతి చెప్పింది.

మళ్లీ మా ఊరు

పార్వతి సెలవుల్లో ఒక్క రోజు మానలేదు. ట్రాములు, బస్సులు ఆగిపోయిన వానరోజు కూడా మోకాలి నీళ్లలో వెళ్లిందట. వెళ్తే క్లాసులో నలుగురు పిల్లలు, ఆవిడ. పాఠం చెప్పిందట. పరీక్షలు రాసింది. ప్రయోగశాల పేపరు వచ్చే ఏడాదికి పోయింది, అది పోయినట్టే. నా వల్ల పోయింది. దాన్ని తీపి చేసి రాయను.

పోయిన వారం మా ఊరి పెద్దలు వచ్చే సంబరం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. ఇంకా రెండేళ్ల పైన ఉంది, అయినా చందాలకి ఇప్పుడే కూర్చుంటారు. ఆ క్యాలెండరు చుట్టి పట్టుకుని వెళ్లాను. ఆడదాన్ని అక్కడ మాట్లాడనివ్వరు, నేను మాట్లాడతాను కాబట్టి ఊరుకుంటారు.

"ఏటప్పా, కలకత్తా కాలండరు సూసి అమ్మోరు దిగుతాదేటి?" అన్నాడు పెద్దనాయుడు. అందరూ నవ్వారు.

"అమ్మోరు ఎప్పుడైనా దిగుతాది నాయుడూ. ఘటమెత్తే గుంట దిగాల గదా, రైలు."

నవ్వు ఆగింది. ఆ వరసలో కూర్చున్న వాళ్లలో సగం మంది పిల్లలు విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో చదువుతున్నారు. క్యాలెండరు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లింది. చదవలేనివాళ్లు కూడా తిరగేసి చూశారు. చివరికి నాయుడు, "ఇది ఈ యేడుది గదా. మనకి కావాల్సిన యేడుది ఏదీ?" అన్నాడు.

మాట సబబే. ఆ రాత్రే మేడమ్‌కి ఉత్తరం రాశాను, తెలుగులో, పార్వతి చదివి చెబుతుందిలే అని. మూడో ఏట మీ పరీక్షలు ఏ నెలలో రాస్తారో, మా వాళ్లు ముహూర్తం పెట్టకముందే తెలియజేయండి అని. ఒత్తులు రెండుసార్లు సరిచూసుకున్నాను.

జవాబు ఇంకా రాలేదు. ఆవిడ బల్ల మీద ఎన్ని కాగితాలుంటాయో చూశాను కాబట్టి తొందరపడటం లేదు. మరీ ఆలస్యమైతే మళ్లీ రైలెక్కుతాను. ఆ బెంచీ మీద ఎడమ వైపు చివర పలక కొంచెం లేచి ఉంటుంది, చీర పట్టుకుంటుంది. కుడి వైపు కూర్చోవాలి.